ఇక్కడ అందరం క్షేమం

ఊరందరికీ ఉత్తరాలు చదివి పెట్టేవాణ్ణి నేను. నా కూతురికి మాత్రం చదవడం రాదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే. పంతొమ్మిది వందల యాభై ఏడు వేసవి దాకా ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. అది ఇంకా పెద్ద సిగ్గు.

నా పేరు ఏసోబు. తిరువూరులో పోస్టుమ్యాన్‌ని. పొద్దున బెజవాడ బస్సు మీద సంచి దిగేది. ముద్రలు పడేదాకా ఆగి, కట్ట కట్టుకుని సైకిలెక్కేవాణ్ణి. ఆ రోజుల్లో ఉత్తరం చేతికిస్తే పని అయిపోయేది కాదు. సగం ఇళ్ళల్లో చదువు వచ్చినవాళ్ళు లేరు. "కాస్త నువ్వే చదివి పెట్టయ్యా" అని అరుగు మీద కూర్చోబెట్టేవారు. మంచి కబురైనా చెడ్డ కబురైనా నా నోటి నుంచే వినేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని తెలిసి కూడా ఊరి చివర మా పేటలో అందరూ నన్ను మర్యాదగా చూసింది అందుకే.

మాకు రిబ్కా ఒక్కతే కూతురు. పదకొండేళ్ళది. ఆ ఏప్రిల్లో ఐదో తరగతి రెండోసారి తప్పింది.

ఫలితాలు చెప్పిన రోజు డ్యూటీ దిగి, ఆ ఖాకీ బట్టలతోనే బడికి వెళ్ళాను. కాశీవిశ్వనాథం మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఒకటి నుంచి ఐదు దాకా ఆయనే చెప్పేవారు. కుర్చీలో నుంచి లేవకుండా పక్కనున్న బల్ల చూపించారు.

"ఏం చెయ్యమంటావు ఏసోబూ? లెక్కలు నోటితో అడిగితే టకటకా చెబుతుంది. పద్యాలు అప్పజెప్పడంలో దాని తర్వాతే ఎవరైనా. కాగితం ఇచ్చి రాయమంటే మాత్రం తెల్లకాగితం తెల్లగానే ఇస్తుంది. ఒట్టి బద్ధకం."

"రెండు తగిలించకపోయారా అండీ?"

"తగిలించాను. నువ్వు ఇంట్లో తగిలించలేదా?"

"చింతబరికె విరిగిందండి."

నాకు ఆయన మీద కోపం, ఆయనకు నా మీద కోపం, ఇద్దరికీ కలిపి ఆ పిల్ల మీద కోపం. ఆఖరికి మాస్టారే ఒక ఉపాయం చెప్పారు.

"జూన్లో బడి తెరిచేలోపు నేనే మళ్ళీ పరీక్ష పెడతాను. నాలుగు వాక్యాలు చదివి, నాలుగు వాక్యాలు రాస్తే చాలు, హైస్కూలుకు పంపిస్తాను. ఈ సెలవుల్లో దాన్ని నువ్వు చదివించు. బడి పుస్తకం మాత్రం ముట్టుకోనివ్వకు. అది దానికి కంఠతా వచ్చు. ఎప్పుడూ చూడనివి చదివించాలి."

"ఎప్పుడూ చూడనివి నా దగ్గరెక్కడివండీ?"

"నీ సంచి నిండా ఏమున్నాయయ్యా?" అన్నారు మాస్టారు.

ఈ మాట నాకు అప్పటిదాకా ఎందుకు తట్టలేదా అనుకున్నాను. ఎలాగూ పేటవాళ్ళు సాయంత్రం కార్డులు పట్టుకుని మా ఇంటికే వస్తారు. వాళ్ళను అడిగి రిబ్కాచేత చదివిస్తే సరిపోతుంది. రోజుకో కొత్త ఉత్తరం.

మా ఆవిడ జ్ఞానమణి మాత్రం పొంగిపోలేదు. తను ఆ రోజుల్లో మిరప కళ్ళాల్లో కాయలు ఏరడానికి పోయేది. సాయంత్రానికి కళ్ళు ఎర్రగా వాచి ఉండేవి. తనకు అక్షరం రాదు. కూతురు నర్సమ్మ కావాలని, తెల్లబట్టలు కట్టుకుని ఆసుపత్రిలో నీడపట్టున పని చెయ్యాలని, అది పుట్టినప్పటి నుంచీ కలలు కన్న మనిషి.

"జూన్లో కూడా తప్పిందనుకో, ఇంక బడి వద్దు" అంది. "తొలకరికి నాతోపాటు వేరుశనగ చేలోకి వస్తది. ఏటా ఆశ పెట్టుకుని ఏటా ఏడవడం నా వల్ల కాదయ్యా."

"నేను చదివిస్తానుగా."

"ఆరేళ్ళ నుంచీ నువ్వూ మాస్టారూ చదివిస్తానే ఉన్నారు" అంది.

మర్నాటి నుంచే మొదలుపెట్టాను. ఎవరైనా కార్డు తెస్తే ముందు నేను పైకి చదివేవాణ్ణి. తర్వాత రిబ్కా చేతికిచ్చి చదవమనేవాణ్ణి. మొదటి రెండు రోజులూ నసిగింది. మూడో రోజుకు గాడిలో పడింది. "దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాము" అని మొదలుపెట్టి, పొల్లు పోకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, చివర "ఇట్లు" దాకా చదివేసేది. వారం తిరిగేసరికి, నేను ముందు చదవకపోయినా చదవడం మొదలుపెట్టింది. అవన్నీ చిన్న చిన్న కార్డులు. క్షేమం, వానలు లేవు, గేదె ఈనింది, పండక్కి వస్తాం. పేటంతా చెప్పుకున్నారు, పోస్టుమ్యాన్ కూతురు తండ్రి కంటే బాగా చదువుతుందని. నేను బడి దాకా వెళ్ళి మాస్టారికి చెప్పి వచ్చాను. ఆయన కూడా సంతోషించారు. "చూశావా, కొత్తది చదివిస్తే ఎందుకు రాదు" అన్నారు.

ఆ ముప్పై రోజుల్లో ఉన్నంత గర్వం నాకింకెప్పుడూ లేదు.

మే నెల మధ్యలో వడగాడ్పులు పట్టుకున్నాయి. ఒకరోజు పగలంతా ఎండలో తిరిగి, ఇంటికొచ్చి తడిగుడ్డ నెత్తిన వేసుకుని లోపల పడుకున్నాను. పొద్దు వాలుతుండగా మాణిక్యమ్మ వచ్చింది. మా పక్కవీధి ముసలామె, ఒంటిగా ఉంటుంది. ఆమెకు ఈ లోకంలో మిగిలింది రెడ్డిగూడెంలో ఉన్న అక్క పుల్లమ్మ, ఆ అక్క కొడుకు మరియదాసు. మధ్యాహ్నం కార్డు తీసుకెళ్తే ఆమె ఇంట్లో లేదు. చూరులో గుచ్చి వచ్చాను. దాన్ని పట్టుకొచ్చింది.

"మీ నాన్న లేడా?"

"ఎండదెబ్బ తగిలి పడుకున్నాడు అమ్మమ్మా. ఇటియ్యి, నేను చదువుతా. ఎవరు రాశారు?"

"ఎవరు రాస్తారు, మా మరియదాసు తప్ప."

కళ్ళు మూసుకుని వింటున్నాను. "దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం" అని రిబ్కా ఎత్తుకుంది. "అమ్మ కూడా క్షేమం. ఈ ఏడు మామిడి బాగా కాసింది. వీలు చూసుకుని ఒకసారి రాగలవు. ఇట్లు, మరియదాసు."

"కాయలు బాగున్నాయా" అంది మాణిక్యమ్మ సంబరంగా. "అయితే ఆవకాయలప్పుడు పోతాలే. ఓ పది రోజులు అక్క దగ్గర ఉండొచ్చు."

లోపల ఆ గొంతు వింటూ పడుకున్న నాకు తలనొప్పి సగం తగ్గింది. లేచి ఆ కార్డు ఒకసారి చూద్దామని కూడా అనుకోలేదు.

ఐదో రోజు పొద్దున, నేను సైకిలుకు గాలి కొట్టుకుంటుంటే మాణిక్యమ్మ వచ్చింది. వెనకాల మరియదాసు ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. మొదటి బస్సుకే దిగాడట. ముసలామె ఏడవడం లేదు. కార్డు నా చేతిలో పెట్టింది.

"ఏసోబూ, ఇది ఒకసారి నువ్వు చదువు."

నేను చదవడం మొదలుపెట్టాను. "దేవుని దయవల్ల" అన్నాను. తర్వాత ఆగిపోయాను. ఆ కార్డు మీద ఆ మాట లేదు. ఇన్నేళ్ళ అలవాటున నా నోటికి అదే వచ్చింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను. అమ్మకు మూడు రోజుల నుంచి బాగా లేదు. మాట తగ్గింది. నీ పేరే పిలుస్తున్నది. కార్డు అందిన వెంటనే బయలుదేరి రావలెను.

"నిన్న సాయంత్రం సమాధి చేశాం" అన్నాడు మరియదాసు. "ఎండలకు ఆపలేకపోయాం. ఆఖరి దాకా గుమ్మం వైపే చూస్తా ఉంది. నువ్వెందుకు రాలేదో మాకు అర్థం కాలా పిన్నీ."

మాణిక్యమ్మ నా చేతిలో నుంచి కార్డు తీసుకుని కొంగులో పెట్టుకుంది. "చదివిపెట్టినా మా అక్క బతికేది కాదులే" అంది. "చూసేదాన్ని. అంతే."

వాళ్ళు వెళ్ళిపోయారు. రిబ్కా గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నేను దాని దగ్గరకు వెళ్ళాను. కొడతాననుకుని చేతులు అడ్డం పెట్టుకుంది. ఆ చేతులు చూస్తే నాకు చెయ్యి లేవలేదు.

"కార్డులో అలా ఉంటే నువ్వు ఇలా ఎందుకు చదివావే?"

"అన్ని ఉత్తరాల్లోనూ అదే ఉంటదిగా నాన్నా" అంది. "నువ్వు ఏది చదివినా అదే వచ్చేది."

గోడ మీద క్యాలెండరు చూపించి పెద్ద అక్షరం ఒకటి చదవమన్నాను. చాలాసేపు చూసింది.

"అవి నిలబడవు నాన్నా. ఒకటి చూసి పక్కదానికి పోయేలోపు ముందుది మర్చిపోతా. అందరికీ అలాగే ఉంటదేమో, మీరంతా ఎట్టనో పట్టుకుంటున్నారు, నాకే చాతకావడం లేదనుకున్నా."

జ్ఞానమణి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. నా వైపు తిరిగింది.

"నేనంటే చదువు రానిదాన్ని. నువ్వూ మాస్టారూ చదువుకున్నోళ్ళేగా. ఆరేళ్ళలో ఒక్కరికీ కనపడలేదా?"

జవాబు లేనప్పుడు నాకు కోపం రెండింతలు వస్తుంది. ఆ కోపమంతా మోసుకుని నేరుగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన వసారాలో పేపరు చదువుకుంటున్నారు. పెద్దవాడనీ చూడలేదు, పక్కింటివాళ్ళు వింటారనీ చూడలేదు.

"ఆరేళ్ళు ఏం చెప్పారండీ మీరు? ఒక్క అక్షరం రాదు దానికి. ఒక్కటంటే ఒక్కటి. మీ మాట విని దానిచేత ఉత్తరాలు చదివిస్తే ఒక ముసలామెకు అక్క కడసారి చూపు దక్కకుండా పోయింది."

జరిగిందంతా విన్నాక మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన కూడా నా మీద అరిస్తే బాగుండుననిపించింది. అరవలేదు.

"నలభై మంది కలిసి గుణింతం అరుస్తుంటే అందులో ఎవరు చూసి చదువుతున్నారో, ఎవరు విని అరుస్తున్నారో ఎలా తెలుస్తుంది ఏసోబూ? నేను చదువు చెప్పాననుకున్నాను. అప్పజెప్పించుకున్నానంతే" అన్నారు మాస్టారు. "ఇలాంటివాళ్ళు ఇదివరకు కూడా వచ్చారు నా దగ్గరికి. ఏడాదికొకరు, ఇద్దరు. మొద్దులని వెనక కూర్చోబెట్టాను. రెండో తరగతిలోనే మానేసి పొలాలకు పోయారు. నీ కూతురికి జ్ఞాపకశక్తి ఎక్కువ కాబట్టి ఐదు దాకా వచ్చింది."

"ఇదేం జబ్బండీ?"

"నాకు తెలీదు. మందుందో లేదో కూడా తెలీదు. బద్ధకం మాత్రం కాదు. బద్ధకం ఉన్నది అన్ని పద్యాలు పట్టదు."

మర్నాడు పొద్దున ఆరింటికే మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఇరవై ఏళ్ళుగా మా పేట పిల్లలకు చదువు చెబుతున్న మనిషి, పేటలోకి రావడం అదే మొదలు. చేతిలో పుస్తకం లేదు. అరుగు మీద ఇసుక పోయించారు. ముగ్గురికీ మూడు షరతులు పెట్టారు. రిబ్కా వేలితో దిద్దకుండా ఏదీ పలకకూడదు. జ్ఞానమణి పక్కనే కూర్చుని తనూ దిద్దాలి. నేను నోరు తెరవకూడదు.

"నాకెందుకండీ ఈ వయసులో" అంది జ్ఞానమణి.

"దానికంటే వెనక ఉన్నవాళ్ళు ఒకరు పక్కన కావాలమ్మా" అన్నారు మాస్టారు.

అందులో తేలిక షరతు నాదే అనుకున్నాను. నాదే అన్నిటికంటే కష్టమైంది. రోజుకు రెండు అక్షరాలే. సోమవారం చక్కగా పలికిన 'మ'ను మంగళవారానికి ఎవరిదో అన్నట్టు చూసేది. 'వ'ను 'మ' అనేది, 'మ'ను 'ప' అనేది. నా తల ప్రాణం తోకకొచ్చేది. పళ్ళు బిగబట్టుకుని పెరట్లోకి పోయి, ఉత్త పుణ్యానికి సైకిలు తుడుచుకునేవాణ్ణి. జ్ఞానమణి నాలుగు రోజుల్లో పన్నెండు అక్షరాలు నేర్చుకుంది. అది చూసి రిబ్కా ఏడ్చింది. దాంతో జ్ఞానమణి తనకు వచ్చినవి కూడా రానట్టు తప్పులు పలకడం మొదలుపెట్టింది. అది మాస్టారు కనిపెట్టి ఆమె మీద కేకలేశారు.

"నాటకాలు వద్దమ్మా. ఇన్నాళ్ళూ అది మనందరి దగ్గరా ఆడింది చాలు."

ఒకరోజు ఆయనకే ఓపిక పోయింది. ఒకటే మాట పదిసార్లు చెప్పి, పదకొండోసారి కాలితో ఇసుక చిమ్మేసి, కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ఇంక రారనుకున్నాం. మర్నాడు ఆరింటికి వచ్చి, ఏమీ జరగనట్టు ఇసుక తనే సర్దుకున్నారు. మంచినీళ్ళు అడిగారు. జ్ఞానమణి ముంతతో ఇస్తే తాగారు.

ఈలోగా మరియదాసు దగ్గర నుంచి మాణిక్యమ్మకు ఇంకో కార్డు వచ్చింది. ఇద్దామని వెళ్ళి, చదవమంటావా అన్నాను.

"నువ్వొద్దు" అంది. "ఆ పిల్ల చదవగలిగినప్పుడే చదవనియ్యి. అప్పటిదాకా చూరులో ఉంటది."

"అది ఎప్పటికి చదవాలి అత్తా?"

"నాకిప్పుడు తొందరేముంది? పోయేవాళ్ళు పోయారు."

ఆమె నా కూతురిని శిక్షిస్తోందో, కరుణిస్తోందో నాకు అర్థం కాలేదు. నేను మాత్రం అప్పటికే దారిలో దొంగచాటుగా కార్డు చూసేశాను. తొందర కబురేమీ కాదు. మొదటి వాక్యం మామూలు వాక్యమే. రెండో వాక్యంలో, అమ్మ తన పెళ్ళినాటి చీర నీకు ఇమ్మని చెప్పి పోయింది, వచ్చినప్పుడు తెస్తాను, అని ఉంది.

జూన్ పదో తారీఖున మాస్టారు పరీక్ష పెట్టారు. నాలుగు వాక్యాలు కాదు కదా, రిబ్కా నాలుగు మాటలు చదివేసరికి గంట పట్టింది. రాయడం అసలే కాలేదు. మాస్టారు పలక పక్కన పెట్టి, "హైస్కూలుకు పంపలేను ఏసోబూ. అబద్ధం ఆడి పంపితే అక్కడ మళ్ళీ ఇదే కథ. ఐదులోనే ఉంచుకుంటాను, రోజూ బడి అయ్యాక విడిగా చెబుతాను" అన్నారు.

"వద్దండి" అంది జ్ఞానమణి. "మీరు చాలా చేశారు. తప్పితే బడి వద్దని అనుకున్నాం, ఆ మాట మాటే. చాలు."

ఎంత చెప్పినా వినలేదు. నేను అరిచాను, అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఆమె నాకంటే మొండిది. సోమవారం బడి తెరిచారు. పిల్లలందరూ మా ఇంటి ముందు నుంచే వెళ్ళారు. రిబ్కా గుమ్మంలో నుంచి లోపలికి వచ్చి కూర్చుంది.

గురువారం తొలకరి పడింది. శుక్రవారం పొద్దున జ్ఞానమణి విత్తనం వెయ్యడానికి బయలుదేరుతోంది. ఇద్దరికీ సద్దికూడు కట్టింది. తన పాతచీర చింపి, కూతురి నెత్తికి కట్టడానికి గుడ్డ కూడా తీసింది. మాస్టారు బడికి వెళ్తూ ఒకసారి అడిగి చూద్దామని వచ్చి, ఏమనాలో తెలియక అరుగు దగ్గర నిలబడ్డారు. అప్పుడు వచ్చింది మాణిక్యమ్మ. నెల రోజులు చూరు పొగలో ఉన్న కార్డు పసుపు రంగుకు తిరిగింది.

"చేలోకి పోతే మళ్ళీ దొరకదుగా. చదివి పెట్టి పోవే" అంది.

రిబ్కా నా వైపు చూసింది. తల్లి వైపు చూసింది. అరుగు మీద కూర్చుని కార్డు ఒళ్ళో పెట్టుకుంది.

మొదటి వాక్యం ఏమిటో నాకు తెలుసు. మాస్టారికి తెలుసు. మాణిక్యమ్మకు, జ్ఞానమణికి తెలుసు. రిబ్కాకు అందరికంటే బాగా తెలుసు. ఒక్క గుక్కలో అనేయొచ్చు. అంటే మేమెవరమూ తప్పు పట్టేవాళ్ళం కాదు.

అనలేదు. మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. "దే" అంది. వేలు జరిపింది. చాలాసేపటికి "వు" అంది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. నాకు గొంతు దాకా వచ్చింది ఆ వాక్యం. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. బడి గంట కొట్టారు. మాస్టారు కదల్లేదు. చేలోకి పోయే ఆడవాళ్ళు వీధిలో నుంచి జ్ఞానమణిని పిలిచారు. ఆమె వినపడనట్టే నిలబడింది. "ఇక్కడ" దగ్గర రెండుసార్లు తప్పింది, తనే దిద్దుకుంది. "అందరం" అంది. ఆ తర్వాతి మాటలో మొదటి అక్షరం దానికి మాస్టారు ఇంకా చెప్పనే లేదు. వేలు అక్కడ ఆగింది. చెమట కారుతోంది. తలెత్తి మాస్టారిని చూసింది.

"ఇది నాకు రాదండి" అంది.

ఆరేళ్ళలో మాస్టారితో ఆ మాట అది అనడం అదే మొదటిసారి. మాస్టారు అరుగు మీద దాని పక్కన కూర్చుని ఆ అక్షరాన్ని ఇసుకలో రాశారు. అది దాని మీద వేలుతో మూడుసార్లు దిద్దింది. తర్వాత కార్డు వైపు తిరిగి, "క్షేమం" అంది.

మాణిక్యమ్మ కళ్ళు తుడుచుకుంది. "క్షేమమంట" అంది. చెయ్యి చాపి కార్డు తీసుకుంది. "ఇవాళ్టికి చాలు. మిగతాదానికి రేపు పొద్దున వస్తాలే."

"రేపు పొద్దున అది బడికి పోద్ది పిన్నీ" అంది జ్ఞానమణి, చేతిలో గుడ్డ మడత పెడుతూ. "సాయంత్రం రా."

రెండో వాక్యంలో పుల్లమ్మ చీర సంగతి ఉంది. నేను నోరు మూసుకుని సైకిలెక్కాను.